నాగజెముడును దాని వెంట నడచిన పురుగును

మన సముద్రతీరపు ఇసుకనేలలలో నాగజెముడు నెఱుగని విద్యార్థి యుండడు. ఇది అమెరికాఖండమునుండి వచ్చిన మొక్క. కంచెకై నాటినది కంచె దాటి చేలను, బాటలను, ఊరిబయళ్లను ఆక్రమించెను. నఱికి పారవైచిన ప్రతి ముక్కయు వేళ్లు తన్ని క్రొత్త పొద యగుచుండుటచే అది కత్తికి లొంగలేదు. తుదకు లొంగినది ఒక చిన్న పురుగునకు.

ఆ పురుగు చరిత్ర వింతయైనది. 1795లో ఎఱ్ఱరంగు నిచ్చు కొచినీలు పురుగని భ్రమించి, బ్రెజిలునుండి వేఱొకజాతి పురుగును మన దేశమునకు తెచ్చిరి. రంగు బాగుగ రాలేదు. కాని యది యొకజాతి జెముడును తినివేయుట చూచి, 1836-38 సంవత్సరములలో దానిని దక్షిణదేశమునకును పంపిరి. తక్కిన జెముడుజాతుల నది ముట్టలేదు. పిమ్మట 1926లో సింహళమునుండి మఱియొకజాతి పురుగును తెచ్చి చెన్నరాజధానిలో విడువగా, కొలది యేండ్లలోనే వేలకొలది యెకరముల పొదలు నశించెను. యోనాకు నీడనిచ్చిన సొరచెట్టును తొలిచిన పురుగు ఒక్కటియే. ఇవి లెక్కకు మిక్కిలి.

అయినను నాగజెముడు నిర్మూలము కాలేదు. ఏల? ఇందుకు గణితము కొంత సమాధానము చెప్పగలదు.

అదే 1926లో ఇటలీ దేశపు గణితజ్ఞుడు వోల్టెరా తినువాని సంఖ్యకును తినబడుదాని సంఖ్యకును గల సంబంధమును రెండు సమీకరణములలో వ్రాసెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఏడ్రియాటికు సముద్రములో చేపలవేట తగ్గినప్పుడు, పట్టుబడిన వానిలో సొరచేపలు మొదలగు వేటచేపల పాలు పెరుగుటయే యాయనను పురికొల్పినది. అమెరికాలో లోట్కా యను నాతడు 1925లోనే యట్టి సమీకరణములను ప్రకటించియుండెను. ఆహారము పెరిగిన తినువారు పెరుగుదురు. వారు పెరిగిన ఆహారము తగ్గును. అది తగ్గిన వారును తగ్గుదురు. మరల ఆహారము పెరుగును.

కాని యీ లెక్కలో ఇరుపక్షములవారును ఒకే కుండలో కలిపిన పప్పును బియ్యమునువలె నుందురు. పొలము కుండ కాదు. జెముడుపురుగు పిల్లలు గాలికి కొట్టుకొనిపోయి దూరపు పొదలపై వ్రాలును. ఇట్టి వ్యాప్తికి 1937లో ఆంగ్లేయుడైన ఫిషరు ఒక సూత్రము నిచ్చెను. (గూడూరు మొదలగు చోట్ల చదువుకొని, ఆంధ్రవిశ్వవిద్యాలయమున గణితపట్టము పొందిన సి. ఆర్. రావుగారు కేంబ్రిడ్జిలో ఈ ఫిషరుగారి శిష్యులు.) ఆ సూత్రమిది:

వేగము = 2 × √(వృద్ధిరేటు × వ్యాప్తిగుణకము)

వృద్ధిరేటు నాలుగింతలైన వేగము రెండింతలే యగును. తొందరపడి నాలుగింతలని వ్రాయువారు వర్గమూలమును మరచినవారు.

ఈ సూత్రమును మన పురుగునకు అన్వయింతము. సంఖ్యలు కేవలము ఊహింపబడినవి. పొదలు దట్టముగ నున్నచోట ఏటికి పుట్టుకరేటు 9, చావురేటు 5 అనుకొందము, వృద్ధిరేటు 4. వ్యాప్తిగుణకము ఏటికి 1 చదరపుమైలు. అప్పుడు పురుగులదండు ఏటికి 4 మైళ్లు నడచును. పొదలు మూడింట రెండు వంతులే యున్న, ఆహారము తగ్గి పుట్టుకరేటు 6 అగును; వృద్ధిరేటు 1; నడక 2 మైళ్లు. పొదలు సగమే యున్నచో పుట్టుకరేటు నాలుగున్నర. ఇది చావురేటుకంటె తక్కువ. దండు ముందునకు సాగదు. కావున విరళముగ విడివడిన పొదలను పురుగు చేరలేకపోవచ్చును, చేరినను నిలువలేకపోవచ్చును. అట్లు మిగిలిన పొదయే మరల పెరుగును. పెరిగినప్పుడు పురుగు మరల వచ్చును.

1958లో కాలిఫోర్నియాలో హఫెకరు దీనిని బల్లమీదనే చూపెను. నారింజపండ్లను వరుసలుగ పేర్చి, వానిపై పండు తిను సూక్ష్మకీటములను, వానిని తిను వేఱు కీటములను విడిచెను. అడ్డులేనిచోట వేటకీటములు అన్నింటిని తిని తామును ఆకలిచే నశించెను. నడుమ వ్యాజలీను పూసి అడ్డులు కల్పించి, తినబడు కీటములు గాలిలో తేలి పోవుటకు చిన్న కొయ్యముక్కలు నిలుపగా, రెండుజాతులును మూడు పర్యాయములు పెరిగి తరిగి చాలకాలము బ్రదికెను.

పై తరగతులవారు ఈ లెక్క చేయుడు: పై సంఖ్యలతోనే, పొదలు ఎన్నవ వంతునకు తగ్గిన దండు సరిగా ఆగిపోవును?