తక్కువ ధరలో హియరింగ్ ఎయిడ్: ముందు ఆడియోగ్రామ్, తర్వాతే స్పెక్స్

ఇయర్‌బడ్స్ కొనాలంటే డ్రైవర్ సైజు, కోడెక్ అన్నీ చూసే నేను, మా అవ్వకు చెవి మెషిన్ కొనేటప్పుడు మాత్రం ధర, స్టార్ రేటింగ్ చూసి ఆర్డర్ పెట్టేశాను. పార్శిల్ చాగలమర్రికి వచ్చింది, నాలుగో రోజుకే ట్రంకుపెట్టెలో చేరింది. "శబ్దం పెద్దగైంది గానీ మాట తెలియలే నాయనా" అంది అవ్వ. ఆ తప్పు మీరు చేయకండి.

యాంప్లిఫైయర్ వేరు, హియరింగ్ ఎయిడ్ వేరు

ఆన్‌లైన్‌లో బాగా చవగ్గా దొరికేవి చాలావరకు యాంప్లిఫైయర్లే. ఫ్యాను రొద, గిన్నెల చప్పుడు, మనిషి మాట అన్నిటినీ కలిపి పెంచేస్తాయి. వయసు మీద పడ్డాక సాధారణంగా ముందు తగ్గేది హై ఫ్రీక్వెన్సీ వినికిడి. స, ష లాంటి శబ్దాలు ఉండేది అక్కడే. అందుకే పిలిస్తే పలుకుతారు, చెప్పింది మాత్రం అర్థం కాదు. డిజిటల్ హియరింగ్ ఎయిడ్‌లో ఏ ఫ్రీక్వెన్సీని ఎంత పెంచాలో విడిగా సెట్ చేస్తారు. ఒకరకంగా ఈక్వలైజర్ అనుకోండి. ఆ సెట్టింగ్‌కు ఆధారం ఆడియోగ్రామ్.

కొనే వరుస ఇదీ

1. టెస్ట్: ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. గుబిలి అడ్డుపడినా వినపడదు. అది తీస్తే మెషినే అక్కర్లేకపోవచ్చు. మేం కర్నూలు వెళ్లి ఆడియోమెట్రీ చేయించాం.

2. మోడల్: వైరుతో ఉండే పాకెట్ మోడల్ చవక, బటన్లు పెద్దవి, కానీ చొక్కా రాపిడి కూడా వినిపిస్తుంది. చెవి వెనక పెట్టుకునేది దానికంటే సౌకర్యం. ఇయర్ మోల్డ్ సరిగ్గా కుదరకపోతే ఈల వేస్తుంది.

3. బ్యాటరీ: 312 సైజుకు గోధుమ రంగు, 13కు నారింజ, 675కు నీలం స్టిక్కర్ ఉంటుంది. స్టిక్కర్ పీకిన క్షణం నుంచే సెల్ ఖర్చవుతుంది. మీ ఊళ్లో ఆ సెల్ దొరుకుతుందా అడగండి. వేళ్లు వణికేవాళ్లకు రీఛార్జబుల్ మేలు.

4. ట్రయల్: బిల్లు కట్టేముందే ఇంట్లో వాడి చూసే అవకాశం, మళ్లీ ట్యూనింగ్ చేస్తారా లేదా తేల్చుకోండి.

సదరం సర్టిఫికెట్ ఉంటే కేంద్రం అడిప్ పథకం గురించి కూడా ఆరా తీయండి. అర్హులకు ఆదాయాన్ని బట్టి ఉచితంగానో రాయితీతోనో ఇస్తారు.

ఎయిర్‌పాడ్స్ ప్రో 2 సంగతేంటి అంటారా? దాని హియరింగ్ ఎయిడ్ ఫీచర్‌కు 2024 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. తేలికపాటి నుంచి మధ్యస్థ లోపం ఉన్న పెద్దవాళ్లకే అది. అక్కడా మొదటి మెట్టు వినికిడి టెస్టే.

అవ్వ కొత్త మెషిన్‌ను కూడా మొదటి వారం తిట్టుకుంది. రెండోసారి వెళ్లి ట్యూన్ చేయించాం. మొన్న ఇంటికెళ్తే ఒక్కసారి చెప్పిందే అర్థమైంది. అరవాల్సిన పని రాలేదు.