పాత ఫోనుకు బదులు క్రొత్త ఫోను: ఎన్నుకొను విధము

విద్యార్థులారా! మన బళ్లారి సీమలో పెక్కు కుటుంబములకు ఒకే స్మార్టు ఫోను ఆధారము. పగలు తండ్రి దానిని జేబులో వేసికొని జీన్సు కుట్టు కార్ఖానాకు పోవును. సాయంకాలము తల్లి అంగడి లెక్క దానితోనే చెల్లించును. రాత్రి మీరు అందులోనే పాఠములు చూతురు. అవ్వ రాయదుర్గములోని కూతురితో మాటలాడునదియు దానితోనే. అట్టి ఫోను ముసలిదైనపుడు పెద్దలు మిమ్ములను పిలిచి, "నీవు చదువుకొన్నవాడవు, ఏది కొందమో చెప్పు" అని అడుగుదురు. పదునైదు, ఇరువది వేల రూపాయలు కష్టజీవికి చిన్న మొత్తము కాదు. కావున బదులు చెప్పుటకు ముందు ఈ క్రింది సంగతులు తెలిసికొనుడు.

1. మొదట రోగమును గుర్తింపవలెను

పాత ఫోనుకు సాధారణముగా నాలుగు జబ్బులు వచ్చును: బ్యాటరీ త్వరగా అయిపోవుట, దాచుకొను చోటు నిండిపోవుట, తెర పగులుట, సాఫ్టువేరు మరమ్మతులు నిలిచిపోవుట. మొదటి మూడింటికి చికిత్స కలదు.

ఫోనులోనిది లిథియం అయాన్ బ్యాటరీ. ఇది 1991లో మొదట విపణికి వచ్చినది. దీని అభివృద్ధికి పాటుపడిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హాం, అకిరా యోషినో అను మువ్వురకు 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఛార్జి చేయునపుడు లిథియం అయానులు ఒక ధ్రువము నుండి రెండవదానికి పోవును. ఫోను వాడునపుడు మరలి వచ్చును. ప్రతి రాకపోకలోను కొన్ని అయానులు దారిలో చిక్కుపడి పనికిరాకుండ పోవును. అందుచేత కొన్ని వందల పర్యాయములు ఛార్జి చేసిన పిదప బ్యాటరీ శక్తి తగ్గును. అంతమాత్రమున ఫోను చెడినదని తలపరాదు. బ్యాటరీని మాత్రము మార్పించిన, కొద్ది ఖర్చుతో మరికొంత కాలము నడచును.

నాలుగవ జబ్బునకు మాత్రము మన చేతిలో మందు లేదు. తయారుచేసిన కంపెనీ మరమ్మతులు పంపుట మానినచో, క్రొత్తగా బయటపడు లోపములు అట్లే యుండును. కొంతకాలమునకు బ్యాంకు యాప్‌లును ఆ ఫోనులో పనిచేయవు. ఫోను మార్చుటకు ఇదియే సరియైన కారణము.

2. "ఎన్ని సంవత్సరములు మరమ్మతులు పంపుదురు?"

అంగడిలో మొదట అడుగవలసిన ప్రశ్న ఇది. దీని విలువ మన తెలుగు అక్షరమే లోకమునకు తెలిపినది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ వారి ఐఫోనులలో ఒక వింత లోపము బయటపడినది. "జ్ఞా" అను అక్షరమునందు కంటికి కనబడని యొక సంజ్ఞ చేరియున్న సందేశము వచ్చినచో, దానిని చూపబోయిన యాప్ మూతపడిపోయెడిది. జ్ఞానమునకు మొదటి అక్షరమే ఫోనుకు గండమైనది! ఆ నెల 19వ తేదీన కంపెనీవారు సాఫ్టువేరు మరమ్మతు విడుదల చేసిరి. దానిని పొందిన ఫోనులు బాగుపడినవి. మరమ్మతు అందని ఫోనునకు ఇట్టి లోపము తీరు మార్గమేది?

నేను ఒకమారు కెమేరా సంఖ్యను చూచి మురిసి ఫోను కొంటిని. రెండేండ్లలో మరమ్మతులు నిలిచినవి. నాటి నుండి నేను ఈ లెక్క వేయుచున్నాను. 12,000 రూపాయల ఫోనుకు 2 సంవత్సరములు మరమ్మతులు వచ్చినచో ఏటికి 6,000 పడును. 20,000 రూపాయల ఫోనుకు 5 సంవత్సరములు వచ్చినచో ఏటికి 4,000 మాత్రమే. ఇందు ఒక మెలిక కలదు. ఈ సంవత్సరములను సాధారణముగా ఆ నమూనా విడుదలైన నాటి నుండి లెక్కింతురు గాని, మనము కొన్న నాటి నుండి కాదు. రెండేండ్ల నాటి నమూనాను తగ్గింపు వెలకు కొన్నచో, రెండేండ్లు అంగడిలోనే గడచిపోయినవని తెలియవలెను.

ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుండి క్రొత్త నియమములు అమలు జరిపినది. వాటి ప్రకారము బ్యాటరీ 800 మారులు ఛార్జి చేసిన పిదపను నూటికి 80 వంతుల శక్తి నిలుపుకొనవలెను. నమూనా అమ్మకము ముగిసిన పిదప 5 సంవత్సరములు మరమ్మతులు అందవలెను. ఆ చట్టము మనకు వర్తింపకున్నను, మంచి ఫోనుకు అది యొక కొలబద్ద.

3. రెండు లిపుల పరీక్ష

1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లా విభజింపబడినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమున చేరినవి. బళ్లారి మైసూరు రాజ్యమున చేరినది. అందుచే బంధువుల సందేశములు తెలుగున, కచేరి కాగితములు కన్నడమున వచ్చుట మనకు పరిపాటి. మన ఫోను రెండింటిని చక్కగా చదివి వ్రాయవలెను.

ఫోను అక్షరములను అంకెలుగా దాచుకొనును. ప్రపంచమంతట అంగీకృతమైన యూనికోడ్ పట్టికలో తెలుగు అకారము సంఖ్య 3077, కన్నడ అకారము సంఖ్య 3205. తెలుగు కకారము 3093, కన్నడ కకారము 3221. రెండు చోట్లను భేదము 128 మాత్రమే! ఈ సోదర లిపులు ఆ పట్టికలోను ప్రక్క ప్రక్కనే వరుసగా కూర్చున్నవి.

కొనుటకు ముందు అంగడిలోనే "జ్ఞానము", "శాస్త్రము", "లక్ష్మి" అను మాటలను రెండు లిపులలోను వ్రాసి చూడుడు. అక్షరములను పెద్దవి చేసి అవ్వకు చూపుడు. తెలుగులో పలికిన మాటను ఫోను సరిగా వ్రాయునేమో పరీక్షింపుడు.

4. మన ఎండ, మన దుమ్ము

వేసవిలో బళ్లారి యెండ 40 డిగ్రీలు దాటును. వేడి బ్యాటరీకి శత్రువు. ఫోనును ఎండలో నిలిపిన బండిపెట్టెలో ఉంచరాదు. వేడెక్కినపుడు ఛార్జి పెట్టరాదు. కొనునపుడు తెరను వెలుపలికి తెచ్చి, ఎండలో అక్షరములు కనబడునో లేదో చూడవలెను.

ఇనుప ఖనిజపు లారీలు తిరుగు సండూరు త్రోవలో దుమ్ము మెండు. పెట్టెపై ఐ.పి. 67 వంటి గుర్తు ఉండవచ్చును. మొదటి అంకె దుమ్మునకు, రెండవది నీటికి సంబంధించినది. మొదటి అంకె 6 అయినచో దుమ్ము లోనికి చొరదని అర్థము.

5. కొనునపుడు జాగ్రత్తలు

కెమేరా మెగాపిక్సెళ్ల సంఖ్య పెద్దదైనంత మాత్రమున చిత్రము మేలుగా రాదు. వెలుతురును గ్రహించు ఫలకము పరిమాణమును ముఖ్యమే. 128 జి.బి. చోటు అని వ్రాసినను, అందు కొంత భాగమును ఫోను సాఫ్టువేరే ఆక్రమించును.

*#06# నొక్కిన 15 అంకెల సంఖ్య కనబడును. అది పెట్టెమీదను, రసీదుమీదను ఒకటిగా ఉండవలెను. ఇతరులు వాడిన ఫోను కొనునపుడు ఈ పరీక్ష మరింత అవసరము. రసీదు లేనిదే డబ్బు ఇయ్యరాదు. వివాదము వచ్చినచో 1915 అను వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును.

విద్యార్థులారా! ప్రకటన మెరుపును చూచు కన్నులు అందరికి కలవు. ఇంటి అవసరమును చూచు కన్ను మీకు ఉండవలెను. తండ్రి చెమటోడ్చి సంపాదించిన సొమ్ము అయిదేండ్లు పనికివచ్చునట్లు చేయుటలోనే మీ చదువునకు సార్థక్యము.

అభ్యాసము

1. మీ యింటి ఫోనుకు గల జబ్బు ఏది? దానికి చికిత్స కలదా?
2. తెలుగు గకారము సంఖ్య 3095. కన్నడ గకారము సంఖ్య ఎంత?
3. 18,000 రూపాయల ఫోనుకు 6 సంవత్సరములు మరమ్మతులు అందునని కంపెనీ చెప్పినది. నమూనా విడుదలైన ఏడాదికి మీరు కొంటిరి. ఏటికి ఎంత పడును?