వాల్యూమ్ బటన్‌లో చక్రవడ్డీ

ఎలక్ట్రానిక్స్ చదివే మన పిల్లల్లో కొందరు చివరి సంవత్సరం ప్రాజెక్టుకు అంగడిలో సిద్ధంగా దొరికే కిట్ కొని తెస్తారు. వైవాలో కాస్త లోతుగా అడిగితే నోరు పెగలదు. వేలూరులో చదివే పిల్లలైనా, గుడియాత్తంలో పాలిటెక్నిక్ చదివేవారైనా ఇంట్లోనే కూర్చుని చేయదగిన ప్రాజెక్టు ఒకటి చెబుతాను. అది 5.1 హోమ్ థియేటర్‌కు రిమోట్ వాల్యూమ్ కంట్రోల్. నేను బి.కాం. వాణ్ణే. అయినా ఇందులోని లెక్క బ్యాంకు లెక్కే.

పాత స్టీరియోలో వాల్యూమ్ నాబ్ వెనుక ఒకే కడ్డీ మీద రెండు పొటెన్షియోమీటర్లు ఉంటాయి. అవి అచ్చంగా ఒకదానికొకటి సరిపోవు. శబ్దం బాగా తగ్గించినప్పుడు ఒక పక్క ఎక్కువగా, ఒక పక్క తక్కువగా వినబడుతుంది. 5.1లో ఛానళ్లు ఆరు. ఆరింటినీ ఒకే కడ్డీకి బిగించి మోటారుతో తిప్పడం కన్నా ఐసీ వాడడం మేలు. పీజీఏ2311 ఐసీలో రెండు ఛానళ్లుంటాయి కనుక మూడు చాలు. దీన్ని తయారుచేసేది, 2000లో బర్-బ్రౌన్ కంపెనీని కొన్న టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్. 1985 నుంచి బెంగళూరులో పనిచేస్తున్న సంస్థే అది.

ఈ ఐసీకి 1 నుంచి 255 వరకు ఏదో ఒక సంఖ్య పంపుతాం.

గెయిన్ = 31.5 − 0.5 × (255 − సంఖ్య) డెసిబెల్స్

192 పంపితే గెయిన్ సున్నా, అంటే వచ్చిన సిగ్నల్ వచ్చినట్టే పోతుంది. 0 పంపితే మ్యూట్.

అర డెసిబెల్ మెట్టు ఎందుకు? 10 మిల్లీవోల్టులకు మరో 10 కలిపితే చెవికి బాగా తెలుస్తుంది. 1000కి 10 కలిపితే తెలియదు. కనుక ప్రతి మెట్టులో ఒకే మొత్తం కాదు, ఒకే శాతం పెరగాలి. అదే చక్రవడ్డీ. అర డెసిబెల్ అంటే వోల్టేజి 5.93 శాతం, దాదాపు 6 శాతం పెరగడం. అసలు ఎన్నాళ్లకు రెట్టింపవుతుందో చూడాలంటే 72ను వడ్డీరేటుతో భాగిస్తాం. 72 ÷ 6 = 12. ఇక్కడా బటన్ 12 సార్లు నొక్కితే వోల్టేజి రెట్టింపు! 12 అరలు 6 డెసిబెల్స్. పుస్తకంలో 20 లాగ్ 2 = 6.02 అని బట్టీ పట్టేది ఇదే.

లాగరిథమ్ గుణకారాన్ని కూడికగా మారుస్తుంది కదా. మధ్య స్పీకరు 3 డెసిబెల్స్ ఎక్కువ కావాలంటే దాని సంఖ్యకు 6 కలిపితే సరి.

రిమోట్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని సెకనుకు సుమారు 38,000 సార్లు మినుకుమనిపిస్తుంది. రిసీవర్ దాన్ని పట్టి మైక్రోకంట్రోలర్‌కు ఇస్తుంది. మైక్రోకంట్రోలర్ ఒక్కో ఐసీకి 16 బిట్ల చొప్పున 48 బిట్లు వరుసగా పంపుతుంది. ఆరు ఛానళ్లూ ఒక్కసారిగా మారతాయి.

ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఒక చోట బహు జాగ్రత్త. 8 బిట్ల లెక్కలో 0 నుంచి 1 తీసేస్తే 255 వస్తుంది. మ్యూట్‌లో ఉండగా తగ్గించే బటన్ నొక్కితే ఒక్కసారిగా 31.5 డెసిబెల్స్, అంటే వోల్టేజి దాదాపు 38 రెట్లు! స్పీకరు కాలిపోవచ్చు, పక్కన ఉన్నవారి చెవులకూ ప్రమాదమే. 0 దగ్గరా 255 దగ్గరా ఆగిపోయేలా షరతు రాయాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు మొదట 0 పంపి, తరువాత మెట్టు మెట్టుగా పెంచాలి.

అభ్యాసం: గెయిన్ −30 డెసిబెల్స్ కావాలంటే ఏ సంఖ్య పంపాలి? (జవాబు: 132)