డయాలిసిస్ రోగి దేహములో నీటి కొలత

మానవ దేహములో అధిక భాగము నీరే. 70 కిలోల బరువుగల ఆరోగ్యవంతుడైన పురుషుని దేహములో సుమారు 42 లీటర్ల నీరుండును. అందు దాదాపు మూడింట రెండు వంతులు జీవకణముల లోపలను, తక్కినది కణముల నడుమను, రక్తములోను ఉండును. అక్కరకు మించిన నీటిని బయటికి పంపి, ఈ పరిమాణమును సరిగా నిలుపునవి మూత్రపిండములు.

అవి చెడినవారికి ఆ పనిని యంత్రము చేయవలసి వచ్చును. విలెం కోల్ఫ్ అను వైద్యుడు 1943లో నెదర్లాండ్సు దేశమున ఇట్టి యంత్రమును రోగులకు ఉపయోగించెను. మన దేశమున 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమము క్రింద జిల్లా ఆసుపత్రులలో పేదలకు ఈ చికిత్స ఉచితముగా లభించుచున్నది.

మూత్రపిండములు రేయింబవళ్లు చేయు పనిని యంత్రము సాధారణముగా వారమునకు రెండు మూడు మారులు, నాలుగేసి గంటలలో ముగింపవలెను. కావున ప్రతిమారును ఎంత నీరు తీయవలెనో ముందుగా నిర్ణయింపవలెను. తక్కువ తీసినచో కాళ్లు వాచును, రక్తపోటు పెరుగును, ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసము కలుగును. ఎక్కువ తీసినచో రక్తపోటు పడిపోవును, పిక్కలు పట్టుకొనును, తల తిరుగును.

ఈ నిర్ణయమునకు మొదటి ఆధారము త్రాసు. లీటరు నీరు కిలో తూగును. దేహములో అదనపు నీరు లేనప్పటి బరువును 'పొడి బరువు' అందురు. పొడి బరువు 52 కిలోలుగల రోగి 54 కిలోలు తూగినచో, సుమారు రెండు లీటర్లు తీయవలెనని తెలియును.

అయితే త్రాసు బరువును చెప్పునే గాని, అది నీరో కండయో చెప్పజాలదు. జ్వరముచేతనో, ఆకలి మందగించుటచేతనో రోగి రెండు కిలోల కండ కోల్పోయెననుకొందము. చికిత్స ముగిసిన పిదప త్రాసు మునుపటివలెనే 52 చూపును. కాని పోయిన కండకు మారుగా రెండు లీటర్ల నీరు దేహములో నిలిచియుండును. అంకె మారలేదని ఊరకున్నచో గుండెపై భారము నానాటికి పెరుగును.

అందుచే నీటిని ప్రత్యేకముగా కొలుచు మార్గములు ఏర్పడినవి. ఒక తొట్టి నీటిలో 10 గ్రాముల రంగు కలిపినప్పుడు లీటరునకు ఒక గ్రాము చొప్పున తేలినచో, ఆ తొట్టిలో 10 లీటర్లున్నవని అర్థము. ఈ సూత్రము ననుసరించియే 1934లో హెవెసీ, హోఫర్ అను శాస్త్రజ్ఞులు, భారజలమును త్రాగిన మనుష్యుని మూత్రములో అది ఎంత పలుచబడినదో చూచి, దేహములోని నీటిని లెక్కించిరి. ఈ పద్ధతి పరిశోధనలకు తగినదే గాని నిత్య చికిత్సకు అనువు కాదు.

నేడు బయో ఇంపీడెన్స్ అను పద్ధతి వాడుకలో నున్నది. మిక్కిలి బలహీనమైన విద్యుత్తును దేహము గుండ పంపుదురు. లవణములుగల నీటి గుండ అది సులభముగా పోవును. కొవ్వు దాని నడ్డగించును. నెమ్మదిగా దిశ మార్చుకొను విద్యుత్తు ముఖ్యముగా కణముల వెలుపలి నీటిలోనే ప్రవహించును. అతివేగముగా మార్చుకొనునది కణములలోనికిని చొచ్చును. ఈ రెంటిని పోల్చి, వెలుపల నిలిచిన అదనపు నీటిని అంచనా వేయుదురు. ఈ యంత్రము లేనిచోట వైద్యుడు పాదముల వాపు, మెడలోని సిరల ఉబ్బు, ఊపిరితిత్తుల శబ్దము, రక్తపోటు పరీక్షించి నిర్ణయించును. యంత్రమున్నచోట సైతము దాని అంకెను వీనితో సరిచూడవలెను.

రోగులు గమనింపవలసిన విషయములు:

1. ప్రతిదినము ఉదయమున ఒకే త్రాసుపై, తేలిక దుస్తులతో బరువు చూచుకొని వ్రాసి యుంచవలెను.

2. ఉప్పు దాహమును పుట్టించును. ఊరగాయలు, అప్పడములు, వడియములు మానుట మేలు.

3. పాలు, మజ్జిగ, చారు, జావ, కాఫీ మున్నగునవి కూడ నీటి లెక్కలోనివే.

4. ఆకలి తగ్గినను, దుస్తులు వదులైనను, బరువు మారకున్నను సరే, ఆ సంగతి వైద్యునకు తప్పక తెలుపవలెను. పొడి బరువును తిరిగి నిర్ణయింపవలసిన సమయమది.

5. వెల్లకిల పరుండినప్పుడు ఊపిరాడకున్నచో, తరువాతి డయాలిసిస్ దినము కొరకు వేచియుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను.