రోళ్ళపాడు పచ్చికబయలు

బాలలారా! ఉరవకొండ మీదికెక్కి నలుదిక్కులు చూచినచో చెట్లు పలుచగా, నేల విశాలముగా కనుపించును. అనంతపురము సీమలో ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. ఇట్టి మెట్టసీమలో గడ్డి మాత్రమే మొలచు నేలను మనము ‘బీడు’ అని చులకన చేయుదుము. అట్టి బీడు ఎన్ని ప్రాణులకు పుట్టినిల్లో తెలియవలెనన్న, మనకు ఉత్తరమున నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు కథ వినవలెను.

పూర్వమచట పసులు, గొఱ్ఱెలు ఎడతెగక మేయుటచే పచ్చిక నశించి నేల బోసిపోయెను. ఆ బయలు బట్టమేకపక్షికి నివాసము. మీటరు ఎత్తుగల ఈ పక్షి గూడు కట్టదు. ఏటికి సాధారణముగా ఒక్క గ్రుడ్డును వట్టినేలపై పెట్టును. మంద త్రొక్కిన, ఆ ఏటి సంతానము పోయినట్లే. దానిని కాపాడుటకై అటవీశాఖవారు కొంత నేలకు ఆవరణము కల్పించి మేపు నాపిరి. 1988లో 614 హెక్టారుల భూమి అభయారణ్యముగా ప్రకటింపబడెను.

విశ్రాంతి దొరకిన నేలలో గడ్డి లేచెను. గడ్డితో మిడతలు, వానితో పక్షులు వృద్ధిపొందెను. కృష్ణజింకలు మందలుగా పెరిగెను. తోడేళ్ళు సంచరించెను. శీతకాలమున దూరదేశపు గద్దజాతి పక్షులు రాత్రులందు ఆ గడ్డిలోనే విశ్రమించుచుండెను. బట్టమేకపక్షులును హెచ్చెను.

కథ అంతటితో ముగిసిన బాగుండెడిది. హెచ్చిన జింకలు చేలపై పడెను. రాత్రియంతయు చేను కాచినను పంట దక్కని రైతు అభయారణ్యమును మెచ్చునా? మఱియు బట్టమేకపక్షి ఆవరణములోనే యుండునది కాదు. వెలుపలి మెట్టచేలలోను మేత వెదకికొనును. కాలక్రమమున ఆ చేల తీరు మారెను. పక్షులు క్రమముగా తగ్గిపోయెను. నేడు దేశమంతటను స్వేచ్ఛగా తిరుగునవి సుమారు 150 మాత్రమే యని అంచనా. వానిలో పెక్కు రాజస్థానమున నున్నవి. 2019 నుండి అచట గ్రుడ్లను పొదిగించి పిల్లలను పెంచుచున్నారు.

కావున కంచె లోపల గడ్డిని పెంచుట సగము పనియే. కంచె వెలుపలి రైతునకు పంటనష్టము సకాలమున చెల్లించి, ఆతని మెట్టపంటకు ఆదరువు కల్పించుట తక్కిన సగము.

బాలలారా! తొలకరి వానల పిమ్మట మీ యూరి బీటికి పోయి, అచట మొలచిన గడ్డిని, దానిలో మెలగు ప్రాణులను లెక్కింపుడు. పిమ్మట దానిని వట్టి బీడనుటకు మీకు నోరాడదు.