పని ఎవరిది?

పిల్లలూ! మన మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. ఆ పండుగకు మన తెలుగు తరగతి పిల్లలు పాటలు పాడుతారు, నాటిక ఆడుతారు. నిరుడు ఉగాదినాడు జరిగిన సంగతి ఒకటి చెబుతాను, వినండి.

మనకు రామభజన పాటలు నేర్పిన మామ్మగారిని ఆ రోజు పిలిచాము. ఆమెకు మోకాళ్ల నొప్పులు; బస్సు ఎక్కలేరు. అందుచేత నేను పన్నెండుమంది తల్లిదండ్రులకు ఒకే ఈమెయిల్ పంపాను. "మామ్మగారిని ఎవరైనా కారులో తీసుకొని రండి" అని వ్రాశాను. పన్నెండుమందీ చదివారు. "ఎవరో ఒకరు తెస్తారులే" అని పన్నెండుమందీ అనుకున్నారు. పాటలు పూర్తయినాయి. మామ్మగారు మాత్రం పట్టుచీర కట్టుకొని, సాయంత్రందాకా తమ ఇంటి వసారాలోనే కూర్చున్నారు.

తప్పు ఎవరిది? తల్లిదండ్రులది కాదు, నాది. నేను పని చెప్పాను గాని, అది ఎవరి పనో చెప్పలేదు. అందరి పని ఎవరి పనీ కాదు.

1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు మొదటి ఈమెయిల్ పంపాడు. ఆనాడు ఈమెయిల్ మాటను మాత్రమే చేరవేసేది. ఇప్పుడు దానితో పనిని కూడా అప్పగించవచ్చు.

క్లాసిక్ అవుట్‌లుక్ అనే సాఫ్ట్‌వేర్‌ను చూడండి. అందులో పని పేరు, గడువు తేదీ వ్రాసి, "అసైన్ టాస్క్" అనే మీట నొక్కి, ఒకరికి పంపాలి. అందుకున్నవారు ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. ఒప్పుకుంటే ఆ పని వారి జాబితాలో చేరుతుంది; ఇక అది వారిదే. పంపినవారి వద్ద ఒక నకలు ఉంటుంది. పని ఎంతవరకు వచ్చిందో అందులో కనబడుతుంది. పని పూర్తికాగానే కబురు వస్తుంది.

ఒక విశేషం గమనించండి. ఒకే పనిని ఇద్దరికి అప్పగిస్తే, పంపినవారి నకలులో ఆ మార్పులు కనబడవు. అందుచేత పెద్ద పనిని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్కరికి ఇవ్వాలి.

ఆ సాఫ్ట్‌వేర్ లేనివారు మామూలు ఈమెయిల్‌తోనే ఇలా చేయవచ్చు:

1. విషయం గడిలో పని పేరు, తేదీ వ్రాయాలి.
2. "టు" గడిలో పని చేయవలసిన ఒక్కరి చిరునామా ఉండాలి. సంగతి తెలియవలసినవారిని "సిసి" గడిలో చేర్చాలి.
3. అందుకున్నవారు "చేస్తాను" అనో, "చేయలేను" అనో జవాబు వ్రాయాలి.
4. పని పూర్తికాగానే తెలియజేయాలి.

ఈ ఏడాది మామ్మగారిని తెచ్చే పనిని ఒక విద్యార్థి తండ్రిగారికి అప్పగించాను. ఆయన "ఆ రోజు నాకు వీలుపడదు" అని వ్రాశారు. నాకు సంతోషమే కలిగింది. ఎందుకంటే ఆ సంగతి వారం ముందే తెలిసింది! మరొక విద్యార్థి తల్లిగారు ఒప్పుకున్నారు. మామ్మగారు ముందు వరుసలో కూర్చున్నారు. మీరు తాళం తప్పినప్పుడు, తమ చేత్తో తాళం వేసి సరిదిద్దారు. గుర్తున్నదా?

కొత్త మాటలు

నిరుడు = పోయిన సంవత్సరం
వసారా = ఇంటి ముందరి పంచ
గడువు = పని ముగించవలసిన సమయం
నకలు = ప్రతి

ప్రశ్నలు

1. పన్నెండుమంది ఈమెయిల్ చదివినా మామ్మగారు ఎందుకు రాలేకపోయారు?
2. "వీలుపడదు" అన్న జవాబు ఉపాధ్యాయునికి ఎందుకు సంతోషం కలిగించింది?
3. ఈ వాక్యాన్ని సరిచేసి వ్రాయండి: "ఎవరైనా కుర్చీలు వేయండి."

చేయండి

మీ తరగతి పండుగకు కావలసిన అయిదు పనులు వ్రాయండి. ప్రతి పనికి ఎదురుగా ఒక పేరు, ఒక తేదీ వ్రాయండి. వారు ఒప్పుకున్న తరువాతనే గుర్తు పెట్టండి.