పేర్లు నిండిన మంచునేల

ప్రపంచపటంలో కెనడా దేశాన్ని చూడండి. పైభాగాన, ఉత్తర ధ్రువానికి చేరువగా, చిన్నవీ పెద్దవీ ద్వీపాలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. ఆ ద్వీపాలలో ఎక్కువ భాగమూ, వాటికి దిగువన ఉన్న ప్రధాన భూభాగంలో కొంతా కలిస్తే 'నునావుట్' అనే ప్రాంతం అవుతుంది. దాని విస్తీర్ణం సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశంలో సగానికంటె ఎక్కువ. అంత నేల మీద ఉన్న జనం 2021 లెక్కల ప్రకారం 37 వేలకు లోపే. ఊళ్లు మొత్తం 25. ఊరినీ ఊరినీ కలిపే రోడ్డు లేదు. విమానంలో వెళ్లాలి. వేసవిలో సముద్రం కరిగినప్పుడు ఓడలు వస్తాయి. చలికాలంలో మంచు మీద జారే బండ్లు నడుస్తాయి.

అక్కడ దాదాపు ఎక్కడా చెట్లు పెరగవు. నాచు, మనం మసాలాలో వేసే రాతిపువ్వు వంటివి, జానెడు ఎత్తు పొదలు మాత్రం ఉంటాయి. ఇగ్లూలిక్ అనే ఊరిలో నవంబరు చివర అస్తమించిన సూర్యుడు జనవరి మధ్యలో గాని మళ్లీ ఉదయించడు. పటంలో చూసేవారికి ఇదంతా తెల్లని ఖాళీగా తోస్తుంది. తరతరాలుగా అక్కడ బతికినవారికి మాత్రం అందులో ఖాళీ జాగా అంటూ లేదు.

వారిని లోకం చాలాకాలం 'ఎస్కిమోలు' అని పిలిచింది. అది ఇతరులు పెట్టిన పేరు. వారు తమను తాము 'ఇన్యూట్' అని చెప్పుకుంటారు. ఆ మాటకు 'మనుషులు' అని అర్థం. ఒక్కరైతే 'ఇనుక్'. వారి భాష ఇనుక్టిటుట్. పాత పుస్తకాలలో ఎస్కిమో బొమ్మ పక్కన గుండ్రని మంచు ఇల్లు తప్పకుండా ఉండేది. నిజానికి 'ఇగ్లూ' అంటే వారి భాషలో ఇల్లు అని మాత్రమే అర్థం. మంచుదిమ్మెలతో కట్టిన ఇల్లు ఒకప్పటి చలికాలపు నివాసం. వేసవిలో తోలు గుడారాలలో ఉండేవారు. ఇప్పుడు వారు ఉంటున్నది చెక్క ఇళ్లలో. ఊరిలో బడి ఉంటుంది, దుకాణం ఉంటుంది. దూరం నుంచి రావలసిన సరుకు కాబట్టి దుకాణంలో ధరలు మండిపోతుంటాయి. అందుచేత సీలు వేట, కారిబూ అనే ధ్రువపు జింకల వేట, చేపలు పట్టడం ఇప్పటికీ చాలా ఇళ్లకు సరదా కాదు, తిండి.

వేటకు వెళ్లేవాడికి దారి తెలియాలి. దారి తెలియాలంటే పేర్లు తెలియాలి. నునావుట్ రాజధాని పేరు ఇకాలుయిట్. 'చేపలు విస్తారంగా ఉన్న చోటు' అని దాని అర్థం. ఇగ్లూలిక్ అంటే 'ఇళ్లున్న చోటు'. కుగ్లుక్టుక్ అంటే నీరు ఉరవడిగా దూకే చోటు. అర్వియాట్ పేరులో తిమింగిలం ఉంది. కిన్‌గాయిట్ అంటే కొండలు. పేరు వింటే చాలు, అక్కడ ఏమి దొరుకుతుందో, ఏమి కనిపిస్తుందో తెలిసిపోతుంది.

ఐరోపా నుంచి వచ్చిన నావికులు వీటికి తమ పేర్లు పెట్టారు. 1576లో ఫ్రోబిషర్ అనే ఆంగ్ల నావికుడు ఒక సముద్రపాయలోకి వచ్చాడు. ఆ పాయకు, తరువాత అక్కడ వెలసిన ఊరికి కూడా 'ఫ్రోబిషర్ బే' అనే పేరు నిలిచింది. కిన్‌గాయిట్ పటంలో 'కేప్ డోర్సెట్' అయింది. డోర్సెట్ ఇంగ్లండులోని ఒక ప్రభువు. ఆ కొండలను ఆయన ఎన్నడూ చూడలేదు. ఒక పేరు వేటగాడికి దారి చూపుతుంది, రెండవది ఒక దొరగారిని తలపిస్తుంది. ఇన్యూట్లు పట్టుబట్టి పాత పేర్లను తిరిగి పటంలోకి తెచ్చుకున్నారు. 1987లో ఇకాలుయిట్, 1996లో కుగ్లుక్టుక్, 2020లో కిన్‌గాయిట్ అధికారికమైన పేర్లయ్యాయి.

కొండకు, నదికి పేరు పెట్టడం అందరూ చేసేదే. ఇన్యూట్ల విషయంలో వింత ఏమిటంటే, వారి దారులలో చాలా భాగం సముద్రం మీదుగా సాగుతాయి. చలికాలంలో సముద్రం గడ్డకడుతుంది. తీరాన్ని అంటిపెట్టుకుని కదలకుండా ఉండే మంచును 'తువాక్' అంటారు. ఆ మంచు అంతమై నల్లని నీరు మొదలయ్యే అంచు పేరు 'సినాక్'. సీళ్లు, పక్షులు అక్కడికి చేరుతాయి. ఆ మంచు మీద ఏటేటా బండ్ల దారి పడుతుంది. వేసవిలో దారి మంచుతో పాటు కరిగిపోతుంది. మరుసటి చలికాలంలో కొత్త మంచు మీద దాదాపు అదే చోట మళ్లీ అదే దారి పడుతుంది! ఏ గుర్తూ మిగలని దారిని తాతలు తండ్రులకు, తండ్రులు కొడుకులకు నోటిమాటగా అందించారు.

మంచుతుఫానులో కొండలూ తీరమూ కనిపించకపోతే దారి ఎలా తెలుస్తుంది? ఇగ్లూలిక్ పెద్దలు నేలను చూసి చెబుతారు. అక్కడ వాయవ్యదిక్కు నుంచి వీచే గాలి బలమైనది. ఆ గాలికి మంచు నాలుక ఆకారంలో గట్టిపడుతుంది. ఆ మంచుదిబ్బల పేరు 'ఉకాలురాయిట్'. నాలుక అనే మాట నుంచే ఆ పేరు వచ్చింది. తరువాత వేరే గాలులు వీచినా ఆ గట్టి దిబ్బలు తొందరగా చెదరవు. బండి ఆ నాలుకలను ఏ కోణంలో దాటుతున్నదో గమనించుకుంటే చాలు, చీకటిలోనైనా దిక్కు తప్పదు. ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో దారి చూపే యంత్రాలు వచ్చాయి. అవి ఊరికి తిన్నని గీత గీసి చూపిస్తాయి. ఆ గీత పలచని మంచు మీదుగా వెళుతున్నదని మాత్రం యంత్రం చెప్పదు. చలికి దాని బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. కుర్రవాళ్లు యంత్రాన్ని జేబులో పెట్టుకుంటారు, పెద్దల మాటనూ అడుగుతారు. అది తెలివైన పద్ధతి.

నేల మీద రాళ్లు పేర్చి నిలబెట్టిన గుర్తులు కూడా ఉన్నాయి. వాటిని 'ఇనుక్సుక్' అంటారు. మనిషికి బదులుగా నిలబడి పని చేసేది అని భావం. ఒకటి దారిని చూపుతుంది, ఒకటి చేపలున్న చెరువును తెలుపుతుంది, ఇంకొకటి మాంసం దాచిన చోటును. వరుసగా నిలబెట్టిన వాటిని చూసి కారిబూలు మనుషులనుకుని బెదిరి, వేటగాళ్లు పొంచి ఉన్న వైపుకు పరుగెత్తేవి. నునావుట్ జెండా మీద ఉన్న బొమ్మ ఈ ఇనుక్సుక్‌దే.

నోటిమాటకు ఎంత విలువ ఉందో లోకానికి తెలియడానికి చాలాకాలం పట్టింది. 1845లో ఫ్రాంక్లిన్ నాయకత్వంలో రెండు ఆంగ్ల నౌకలు ఆ సముద్రాలలోకి వెళ్లాయి. వాటిలోని 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. 1854లో జాన్ రే అనే అన్వేషకుడు ఇన్యూట్లను విచారించి, నావికులు ఆకలితో ఎలా చనిపోయారో తెలుసుకుని ఇంగ్లండుకు తెలియజేశాడు. అక్కడి పెద్దమనుషులు నమ్మలేదు. చార్లెస్ డికెన్స్ వంటి రచయిత కూడా ఇన్యూట్ల సాక్ష్యాన్ని తేలికచేసి రాశాడు. ఇన్యూట్లు మాత్రం ఒక ఓడ ఎక్కడ మునిగిందో తమ పిల్లలకు చెబుతూనే వచ్చారు. ఆ చోటు పేరు 'ఉట్జులిక్'. అంటే గడ్డపు సీళ్లు ఉండే చోటు. లూయీ కముకాక్ అనే ఇన్యూట్ చరిత్రకారుడు ఏళ్ల తరబడి వృద్ధుల నుంచి ఈ కథనాలను సేకరించాడు. 2014లో ఎరిబస్ అనే నౌక దొరికింది, ఆ ఉట్జులిక్ ప్రాంతంలోనే. 2016లో సామీ కోగ్విక్ అనే ఇన్యూట్ చెప్పిన ఆనవాలును బట్టి వెళితే రెండవ నౌక టెర్రర్ కూడా దొరికింది. పెద్దల మాట నిజమని తేలడానికి 160 ఏళ్లు పట్టింది.

నేల పేర్లనే కాదు, మనుషుల పేర్లను కూడా ఇతరులు లెక్కచేయని కాలం ఒకటి ఉంది. ఇన్యూట్లకు ఇంటిపేర్లు ఉండేవి కావు. చనిపోయిన ఆత్మీయుల పేరును పుట్టిన బిడ్డకు పెడతారు. అమ్మమ్మ పేరు పెట్టుకున్న పాపను కన్నతల్లే 'అమ్మా' అని పిలుస్తుంది. మన ఇళ్లలో తాతగారి పేరు మనుమడికి పెట్టడం మీకు తెలిసిందే కాబట్టి ఈ వరస మీకు వింతగా తోచదు. కెనడా అధికారులకు ఇది అర్థం కాలేదు. 1941 నుంచి ఒక్కొక్క ఇన్యూట్‌కు ఒక అంకె వేసి, ఆ అంకె ఉన్న బిళ్లను ఇచ్చారు. 1968 తరువాత గాని ఆ పద్ధతి మారలేదు. అప్పుడు ఏబ్ ఓక్పిక్ అనే ఇన్యూట్ పెద్ద ఊరూరా తిరిగి, ప్రతి కుటుంబాన్నీ అడిగి, వారు కోరుకున్న ఇంటిపేరును రాసుకున్నాడు. ఆ రోజులలోనే ఎందరో పిల్లలను ఇళ్లకు దూరంగా బడులలో ఉంచారు. తల్లిభాష మాట్లాడితే దండించేవారు. దేశంలోని మూలవాసుల పిల్లలను ఇలాంటి బడులలో ఉంచినందుకు 2008లో కెనడా ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

ఈ నేల మీదే అనడానికి రుజువు ఏమిటి? 1970లలో ఇన్యూట్లకు ఎదురైన ప్రశ్న ఇది. వారి దగ్గర పట్టాలు లేవు, దస్తావేజులు లేవు. వేటగాళ్లు పటాలు ముందు వేసుకుని కూర్చున్నారు. తాము జీవితకాలంలో ఎక్కడెక్కడ తిరిగారో, ఏ జంతువును ఎక్కడ వేటాడారో గీతలు గీసి చూపించారు. అవి 1976లో మూడు సంపుటాలుగా వచ్చాయి. తెల్లగా ఉన్న పటం గీతలతో నిండిపోయింది! వారి వాదనకు అదే ఆధారమైంది. 1993లో ఒప్పందం కుదిరింది. సుమారు 3.5 లక్షల చదరపు కిలోమీటర్ల నేల ఇన్యూట్ల సొంతమైంది. 1999 ఏప్రిల్ 1న నునావుట్ ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడింది. 'నునావుట్' అంటే 'మా నేల'.

వారి లిపిని కూడా చూడండి. జేమ్స్ ఎవాన్స్ అనే మతప్రచారకుడు 1840లో క్రీ అనే మరొక జాతి భాష కోసం ఒక లిపిని తయారు చేశాడు. దేవనాగరి పద్ధతి ప్రభావం దానిపై ఉందని పండితులు చెబుతారు. తరువాత అది ఇన్యూట్లకు చేరింది. అందులో గుణింతం తమాషాగా ఉంటుంది. కొమ్ములు, గుడులు ఉండవు. అక్షరాన్నే తిప్పుతారు. కొన పైకి ఉంటే 'పి', కుడికి తిరిగితే 'పు', ఎడమకు తిరిగితే 'ప'. దీర్ఘానికి నెత్తిన ఒక చుక్క. పొల్లు కావాలంటే అదే గుర్తును చిన్నదిగా పైన రాస్తారు.

చట్టం ప్రకారం ఇన్యూట్ల భాష నునావుట్‌లో అధికార భాష. అయినా చాలా బడులలో కింది తరగతులు దాటగానే బోధన ఇంగ్లీషులోకి మారుతుంది. తల్లిభాషలో బోధించగల ఉపాధ్యాయులు చాలినంతమంది లేరు. ఇంటిలో ఇంగ్లీషే మాట్లాడే పిల్లలు పెరుగుతున్నారు. మరొక చిక్కు కూడా వచ్చింది. భూమి వేడెక్కడం వల్ల సముద్రం ఆలస్యంగా గడ్డకట్టి తొందరగా కరుగుతున్నది. తాతలు చెప్పిన మంచుదారి కొన్నిచోట్ల ఇప్పుడు నమ్మదగినది కాదు. అందుకని వేటగాళ్లు తాము చూసిన మంచు పరిస్థితిని ఒకరికొకరు తెలుపుకొంటున్నారు. 2019లో వచ్చిన 'సికు' అనే ఫోను సాధనం ఇందుకు ఉపయోగపడుతున్నది. సికు అంటే సముద్రపు మంచు. ప్రమాదకరమైన మంచు ఎక్కడుందో అందులో ఇనుక్టిటుట్ మాటలతోనే గుర్తించవచ్చు.

అభ్యాసం

1. 'ఇకాలుయిట్', 'ఫ్రోబిషర్ బే' అనే రెండు పేర్లకు గల తేడాను మీ సొంత మాటలలో రాయండి.

2. మంచుతుఫానులో ఇగ్లూలిక్ వేటగాడు దిక్కును ఎలా తెలుసుకుంటాడు?

3. 1976లో అచ్చయిన పటాలు ఇన్యూట్లకు ఎందుకు ముఖ్యమయ్యాయి?

4. మీ ఊరిలోని చెరువులు, గుట్టలు, వీధులు, పొలాలకు ఇంటిలోని పెద్దలు తెలుగులో వాడే పేర్లను అడిగి రాసుకోండి. వాటిలో ఏవి ఊరి పటంలో ఉన్నాయో, ఏవి లేవో చూడండి.